చూపు 6/6 ఉన్నా అక్షరాలు రెండుగా కనిపిస్తుంటే...

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పుస్తకం పట్టిన పావుగంటకే తలనొప్పి అంటాడు, అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయంటాడు, చదివిన వరుసే మళ్లీ చదువుతుంటాడు. చూపు 6/6 ఉంది, కళ్లద్దాలు అక్కర్లేదని ఒకచోట చెప్పారు. మరోచోట రెండు కళ్లకూ సమన్వయం లేదని, కంప్యూటర్‌పై విజన్ థెరపీ చేయించాలని అన్నారు. కళ్లు నొప్పి అంటున్న పిల్లవాణ్ని మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టడమా? ఆ ప్రోగ్రామేదో ఇంట్లోనే చేయించవచ్చా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, 6/6 అంటే దూరాన ఉన్న అక్షరాలు ఒక్కో కంటికీ స్పష్టంగా కనిపిస్తున్నాయని మాత్రమే అర్థం. పుస్తకం చదవాలంటే రెండు కళ్లూ ఒకేసారి ముక్కువైపు తిరిగి, ఒకే అక్షరం మీద నిలవాలి. ఆ పని సరిగా జరగకపోవడాన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటాము. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి గానీ, పరీక్షించకుండా ఇదేనని తేల్చలేము. పెన్ను మొనను మెల్లగా ముక్కు దగ్గరకు తెస్తూ, అది ఎక్కడ రెండుగా కనిపిస్తుందో పిల్లవాణ్ని అడుగుతారు. సాధారణంగా 6 సెంటీమీటర్ల కంటే దగ్గరకు వచ్చేదాకా అది ఒకటిగానే కనిపించాలి. సమస్య ఉన్న పిల్లల్లో అంతకు ముందే ఒక కన్ను బయటి వైపు జారిపోవడం ఎదుట కూర్చున్నవారికి కూడా తెలుస్తుంది. దీనితోపాటు కంట్లో చుక్కలు వేసి పవర్ మరోసారి చూడటం అవసరం, ఎందుకంటే దాగి ఉన్న ప్లస్ పవర్ (దగ్గరివి చూడటానికి కళ్లు ఎక్కువ శ్రమపడేలా చేసే దోషం) కూడా ఇలాంటి ఇబ్బందే పెట్టగలదు.

కంప్యూటర్ గురించి మీ అనుమానం సహజమే. అయితే ఇక్కడ తెర చదవడానికి కాదు, కళ్లకు కసరత్తు చేయించడానికి. పిల్లవాడికి ఎరుపు, నీలం రంగుల అద్దాలు పెడతారు. దాంతో తెరపైని ఒక బొమ్మ ఒక కంటికి, రెండోది మరో కంటికి మాత్రమే అందుతుంది. రెండు కళ్లూ కలిసి పనిచేస్తేనే చుక్కల మధ్య ఒక చిన్న చదరం పైకి తేలినట్లు కనిపిస్తుంది, అది ఏ పక్కన ఉందో బాణం గుర్తు మీటతో చెప్పాలి. సరిగా చెప్పిన కొద్దీ బొమ్మల మధ్య ఎడం పెరిగి పని కష్టమవుతుంది, తప్పితే తగ్గుతుంది. ఒక కన్ను పని మానేస్తే చదరమే కనిపించదు కాబట్టి, ఊహించి నొక్కి నెట్టుకురావడం కష్టం (మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు ప్రయత్నిస్తారు లెండి).

ఇంట్లోనే చాలునా అన్న ప్రశ్నకు జవాబిచ్చే పెద్ద అధ్యయనం ఒకటి అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ల వయసున్న 221 మందిపై 12 వారాలపాటు జరిగి, 2008లో వెలువడింది. వారానికోసారి క్లినిక్‌లో గంటసేపు నిపుణుల ఎదుట థెరపీ చేసి, ఇంటి దగ్గర కూడా సాధన చేసినవారిలో 73 శాతం మందికి నయమో, చెప్పుకోదగ్గ మెరుగుదలో కనిపించింది. ఇంట్లో పెన్సిల్ కసరత్తు (పెన్సిల్ మొనను చూస్తూ ముక్కు దగ్గరకు తేవడం) మాత్రమే చేసినవారిలో ఇది 43 శాతం. ఇంట్లో కంప్యూటర్, పెన్సిల్ రెండూ వాడినవారిలో 33 శాతం. పోలిక కోసం ఉత్తుత్తి థెరపీ (అసలు చికిత్సలా కనిపించేది మాత్రమే) పొందినవారిలోనూ 35 శాతం మంది మెరుగుపడ్డారు! క్లినిక్‌లో వాడిన సాధనాల్లో కంప్యూటర్ కూడా ఉంది. తేడా అంతా పక్కన కూర్చుని, తప్పు దిద్ది, మోతాదు పెంచే మనిషి వల్లనే వచ్చిందని నా అభిప్రాయం. కాబట్టి ప్రోగ్రామ్ ఒక్కటే కొని ఇంట్లో పెట్టమని నేను సలహా ఇవ్వను.

థెరపీతో మార్కులు పెరుగుతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. అదే బృందం 311 మంది పిల్లలపై 16 వారాలు జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చదివినది అర్థం చేసుకునే శక్తి ఉత్తుత్తి థెరపీ పొందినవారి కంటే ఎక్కువగా పెరగలేదు. డిస్‌లెక్సియాకు (పదాలు చదవడంలో, రాయడంలో ఎదురయ్యే అభ్యసన సమస్యకు) ఇది చికిత్స కాదు. ఇక, అక్షరాలు రెండుగా కనిపించడం ఉన్నట్టుండి మొదలైనా, దూరపు వస్తువులు కూడా రెండుగా కనిపించినా, తలనొప్పితో వాంతులైనా, కనురెప్ప వాలినా థెరపీ మాట పక్కన పెట్టి వెంటనే కంటి వైద్యుడికి చూపించండి.