కీ తిప్పితే టకటక... సెల్ఫ్ మోటార్ మార్చెయ్యాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి పెళ్ళికో ఆసుపత్రికో తప్ప బయటికి తియ్యం. నిన్నట్నుంచి కీ తిప్పితే టకటకమని సౌండు వస్తుంది గానీ ఇంజిన్ తిరగట్లేదు. మెకానిక్కి ఫోన్ చేస్తే సెల్ఫ్ మోటార్ పోయుంటుంది, మార్చెయ్యాలి అంటున్నాడు. నిజమేనాండీ?

జవాబు: ఆగండాగండి, మోటార్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. సెల్ఫ్ మోటార్ మీద సోలినాయిడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది, కీ తిప్పగానే అది అతుక్కుని మోటార్‌కి కరెంటు ఇస్తుంది, మోటార్ ఒక్కసారిగా వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, బ్యాటరీలో అంత సత్తా లేకపోతే వోల్టేజీ పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేచి మళ్ళీ అతుక్కుంటుంది, ఇదే గబగబా జరుగుతుంటే మీకు వినపడేది ఆ టకటక. అందుకే ముందు బ్యాటరీని, దాని టెర్మినళ్ళని చూడాలి. ఒక్కటే టక్ మని ఆగిపోయి లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతుంటే అప్పుడు అనుమానించండి మోటార్ని. చీకట్లో హెడ్‌లైట్లు గోడ మీదకి వేసి కీ తిప్పితే మీకే తెలిసిపోద్ది.

బానెట్ ఎత్తండి. మన కోనసీమలో ఉప్పు గాలి, పైగా చెమ్మ, టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టేస్తుంది, దాంతో బ్యాటరీ బాగున్నా కరెంటు బయటికి రాదు. 10 నంబరు స్పానర్‌తో ముందు నెగిటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి, బాగా ఆరాక పాజిటివ్ ముందు, నెగిటివ్ ఆఖర్న బిగించి పైన వేజలైన్ రాయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ పొడి ఒంటికి మంచిది కాదు. బాడీకి బిగించిన ఎర్తు వైరు కూడా తుప్పు పట్టిందేమో చూడండి, దాన్ని చాలామంది మర్చిపోతారు.

అప్పటికీ తిరక్కపోతే మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులుంటే ఫుల్లు, 12.2 అంటే సగం, 12 కన్నా తగ్గిందంటే ఖాళీ అయినట్టే. కారు కదలకపోయినా అలారం, కంప్యూటర్ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి, మీలాగా వారాల తరబడి నిలబెట్టేవాళ్ళకి ఇదే అసలు బాధ. పక్కింటి కారుతో జంపర్ కేబుల్ వేసుకోవచ్చు: ఎర్రది మీ పాజిటివ్‌కి, దాని రెండో కొస వాళ్ళ పాజిటివ్‌కి, నల్లది వాళ్ళ నెగిటివ్‌కి, ఆఖరి కొస మాత్రం మీ బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకి. స్టార్టయ్యాక ఐదు నిమిషాలకి ఆపేస్తే ఏం లాభం లేదు, అమలాపురం దాకా వెళ్ళిరండి. ఛార్జి పెట్టినా నిలవకపోతే బ్యాటరీ మార్చుకోండి, నాలుగైదేళ్ళు దాటితే దాని పనైపోయినట్టే. షెడ్డు పక్కన కొబ్బరి డొక్కలు పోగేసి ఉంటే తీయించెయ్యండి, ఎలుకలు చేరి వైర్లు కొరికేస్తాయి.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరదనీళ్ళు కారు సీట్ల దాకా వచ్చి తీశాయి. ఇప్పుడు ఆరింది కదా, ఒకసారి స్టార్ట్ చేసి చూడమంటారా?

జవాబు: వద్దండి, కీ అసలు ముట్టుకోవద్దు! సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది, చిన్న రిపేరుతో పోయేది ఇంజిన్ దాకా వెళ్తుంది. నెగిటివ్ వైరు తీసేసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఫోటోలు తీసి ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పండి, బండిని లాగించి షెడ్డుకి చేర్చండి. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ ఉందేమో పాలసీలో చూసుకోండి, లేకపోతే వచ్చేసారి తప్పకుండా తీసుకోండి. ఈసారి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక ఇవ్వగానే కారు ఏటిగట్టు ఇవతలికి తెచ్చేసుకోండి, 13.75 అడుగులకి రెండోది వచ్చేదాకా చూస్తే దారే మునిగిపోవచ్చు.