ముందు మణికట్టు, తర్వాతే రాకెట్

చి. కిట్టూకి మామయ్య ఆశీస్సులు.

మణికట్టు నొప్పికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మరీ పొద్దున్నే షటిల్ బ్యాడ్మింటన్ కోర్టుకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఖరీదైన రాకెట్ కొంటే నొప్పి పోతుందని అంటున్నావట. పోదురా. నేనూ నీ వయసులో బ్యాండ్ వేసుకుని మూడు వారాలు ఆడాను. ఒకరోజు పొద్దున నీళ్ల చెంబు ఎత్తబోతే వేళ్లు పట్టు వదిలేశాయి. నీళ్లన్నీ పాదాల మీద. తర్వాత నాలుగు నెలలు రాకెట్ ముట్టలేదు.

ముందు నొప్పి ఎక్కడుందో చూసుకో. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచు. బొటనవేలి మొదట్లో జివ్వుమని లాగితే అక్కడి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు, ఒరుసుకుని వాచి ఉండొచ్చు. అలా కాక, తాళం తిప్పేటప్పుడో, కుర్చీ మీద అరచెయ్యి ఆన్చి లేచేటప్పుడో చిటికెనవేలి వైపు కలుక్కుమంటే లోపలి మృదులాస్థి దెబ్బతిని ఉండొచ్చు. రెండింటికీ డాక్టరే చెప్పాలి. కోర్టులో చెయ్యి ఆన్చి పడి, బొటనవేలి కింద గుంటలో నొక్కితే నొప్పి పుడుతోందంటే మాత్రం ఆ రోజే వెళ్లు. అక్కడి చిన్న ఎముక చిట్లినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, 10-14 రోజులకి మళ్లీ తీస్తారు. అమ్మమ్మ పుత్తూరు కట్టు కట్టించమంటుంది, నాకు తెలుసు. ఎముక సంగతి తేలేదాకా ఎవరి చేతా లాగించుకోకు, తోమించుకోకు.

కొత్త నొప్పికి ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టు. ఇంకో సంగతి, కూకట్‌పల్లి నుంచి ఆఫీసు దాకా ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ తిప్పేదీ ఆ చెయ్యే, తర్వాత రోజంతా మౌసు పట్టేదీ ఆ చెయ్యే. ఈ నెలంతా మెట్రోలో వెళ్లు. అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. నొప్పి సద్దుమణిగాక, ముంజేయి బల్ల మీద ఆన్చి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా పెట్టి, అరలీటరు నీళ్ల సీసాని రెండో చేత్తో పైకెత్తి, నొప్పి ఉన్న చేత్తో నిదానంగా కిందికి దించు. పదిహేనుసార్లు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే తగ్గించు.

గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాతే కదా 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది. నీ ఆట ఎక్కడికీ పోదు.

ఇక రాకెట్. దాని మీద బరువు గుర్తు ఉంటుంది: 4యూ అంటే 80-84 గ్రాములు, 5యూ అంటే 75-79. నీకు ఈ రెండింట్లో ఏదైనా చాలు. తల బరువున్నది వద్దు, సమంగా తూగేది తీసుకో. పిడికీ తలకీ మధ్య ఉండే కడ్డీ, అదే షాఫ్ట్, మరీ గట్టిది కాకుండా కాస్త వంగేదైతే కాక్‌ని వెనక్కి పంపే పనిలో సగం అదే చేస్తుంది. అసలు చిక్కంతా గట్టింగ్‌లో, అంటే తీగలు బిగించడంలో ఉంది. పెద్ద ఆటగాళ్లని చూసి 28 పౌండ్ల బిగువు వేయించావని విన్నాను. అంత బిగువులో కాక్ మధ్యలో తగలకపోతే ఆ అదురంతా నీ మణికట్టుకే. 22, మహా అయితే 23 వేయించు. నైలాన్ కాక్‌తో ఆడటం కూడా కొన్నాళ్లు మానెయ్.

పిడి మీద దాని లావు చెప్పే జీ5, జీ6 అనే గుర్తు ఉంటుంది. ఎక్కువ కంపెనీల లెక్కలో అంకె పెరిగేకొద్దీ పిడి సన్నం. నీ చెయ్యి పెద్దది, సన్నటి పిడి పట్టు నిలవక గట్టిగా నొక్కి పడతావు. అందులోనూ నువ్వు అట్లకాడ పట్టుకున్నట్టు పడతావు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు వదులుగా పట్టుకుని, కాక్ తగిలేటప్పుడే బిగించు. కాక్‌ని పైనుంచి గట్టిగా కిందికి కొట్టే స్మాష్‌కి మణికట్టు విదిలించకు, ముంజేయి మొత్తం తిరగాలి.

డబ్బులు ఇప్పుడే ఖర్చు పెట్టకు. ఆదివారం ఆ పాత రాకెట్ తీసుకుని రా. చెమటకి గట్టిపడిన గ్రిప్ విప్పేసి కొత్తది నేను చుట్టి ఇస్తాను.

మీ మామయ్య