విదేశీ భాషా క్లాసులో వ్యాపారం పెట్టించొచ్చా? పెట్టించండి, కానీ ఎదురుగా ఒక మొండి కస్టమర్‌ని కూర్చోబెట్టండి

ప్రశ్న: యూనివర్సిటీలో జర్మన్, ఫ్రెంచ్ లాంటి భాషలు నేర్పేటప్పుడు స్టార్టప్, బిజినెస్ ప్లాన్ లాంటి అంశాలు కలిపితే విద్యార్థులకు నిజంగా భాష వస్తుందా? లేక ఇదీ ఒక ఫ్యాషనేనా?

వస్తుంది. కాకపోతే ఇప్పుడు ఎక్కువమంది చేయిస్తున్న పద్ధతిలో రాదు.

నేను యూనివర్సిటీలో జర్మన్ చెబుతాను. ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూస్తున్నాను. నలుగురేసి జట్లు కట్టిస్తారు. కంపెనీకి పేరు పెట్టమంటారు, లోగో గీయమంటారు. ఆస్టర్‌వాల్డర్ గారి బిజినెస్ మోడల్ కాన్వాస్, అంటే వ్యాపారమంతా ఒకే పేజీలో చూపించే పటంలో ఉన్న తొమ్మిది గళ్ళూ నింపమంటారు. ఆ నింపడం కూడా మాతృభాషలోనే మాట్లాడుకుని, చివర్లో ఫోన్‌లో అనువాదం కొట్టి అతికిస్తారు. సెమిస్టర్ ఆఖర్లో పిచ్ పోటీ, అంటే తమ వ్యాపార ఆలోచనను కాసేపట్లో చెప్పి ఒప్పించే పోటీ. పిల్లలు టై కట్టుకుని వచ్చి, బట్టీ పట్టింది అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చుంటారు. అప్పుడు పక్కనుంచి ఎవరైనా 'మీ వస్తువు పాడైతే ఎవరు బాగుచేస్తారు?' అని అడిగితే చాలు, నీళ్ళు నమలడమే. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి.

నా అభిప్రాయం ఒక్కటే. ఆ గదిలో కొనేవాడు ఉండాలి. ముందే మాట్లాడుకుని వచ్చిన స్నేహితుడు కాదు, తన అవసరం తనకుండి, జేబులో డబ్బు లెక్క ఉండి, 'వద్దులే' అని లేచిపోగల మనిషి. అలాంటివాడు ఎదురుగా లేనంతవరకు వ్యాపారం పేరుతో జరిగేది వక్తృత్వ పోటీయే.

ఎందుకంత ధీమాగా చెబుతున్నానో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. ఒక జట్టు విద్యార్థులకు సైకిళ్ళు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టింది. నేను ఇద్దరికి రెండు కార్డులిచ్చాను, ఒకరిది ఒకరికి చూపించకూడదు. అమ్మేవాడి కార్డులో 'సెమిస్టర్‌కి 48 యూరోల కంటే తగ్గకూడదు' అని ఉంది. కొనే అమ్మాయి కార్డులో 'నీ దగ్గర 50 యూరోలకు మించి లేవు, రిపేర్ ఖర్చంటే నీకు భయం' అని ఉంది. ఆ అమ్మాయి క్లాసులో నోరెత్తే రకం కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే.

కుర్రాడు 54 దగ్గర మొదలుపెడదామనుకున్నాడు. జర్మన్‌లో ఇరవై దాటాక ఒకట్ల స్థానం ముందు పలుకుతారు, పదుల స్థానం తర్వాత. 54 అనాలంటే 'నాలుగూ-యాభై' అనాలి. మనవాడు అంకెలు కనిపించిన వరసలోనే చదివి 'ఐదూ-నలభై' అన్నాడు. అంటే 45. ఆ అమ్మాయి కార్డు చూసుకుంది, 50 లోపే ఉంది, వెంటనే సరే అంది. అమ్మేవాళ్ళు తమ పిచ్ మహత్యం అనుకుని మురిసిపోయారు. తర్వాతి క్లాసులోగా ఒప్పందాన్ని ఖాయం చేస్తూ ఈమెయిల్ రాయాలి. అందులో 54 అని అంకెల్లో వేశారు.

తర్వాతి క్లాసులో ఆ అమ్మాయి వచ్చి కూర్చోలేదు. నేరుగా వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి, 'నువ్వు 45 అన్నావు' అని జర్మన్‌లోనే అడిగింది. వాడు ఒప్పుకోడు. 'లేదు, నేను స్పష్టంగా చెప్పాను' అని మళ్ళీ 'ఐదూ-నలభై' అన్నాడు. 'అదే కదా నేనంటున్నది!' అంది ఆమె. ఇద్దరూ ఒకే అంకె చెబుతూ ఒకరినొకరు అబద్ధాలకోరని తిట్టుకుంటున్నారు. క్లాసంతా విరగబడి నవ్వుతోంది. నేను కల్పించుకోలేదు. వాళ్ళ జట్టులోనే ఒకడు లేచి బోర్డు మీద రెండు అంకెలూ వేసి, ఏది ఎలా పలకాలో వాడే చెప్పాడు. అప్పటికి కుర్రాడి మొహం చూడాలి.

అక్కడితో అయిపోలేదు. అప్పుడే అసలు బేరం మొదలైంది. 45కి ఇస్తే కుర్రాడి కార్డు ఒప్పుకోదు, 54కి కొంటే ఆమె కార్డు ఒప్పుకోదు. చివరికి 50 దగ్గర తెగింది, సెమిస్టర్ లోపల బ్రేకులు పోతే అమ్మినవాళ్ళే ఉచితంగా బాగుచేయాలన్న షరతుతో. ఆ షరతు పెట్టడానికి ఆ అమ్మాయి 'ఒకవేళ... అయితే' వాక్యాలు ఎన్ని వాడిందో. 'నిన్న నువ్వు ఇలా అన్నావు' అని చెప్పడానికి గడిచిన కాలం క్రియలు, 'నువ్వు ఒప్పుకున్నావని నాకు గుర్తు' లాంటి ఉపవాక్యాలు, అన్నీ దొర్లాయి. కొన్ని తప్పులు కూడా పడ్డాయి, పోనివ్వండి. జర్మన్‌లో ఇలాంటి ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది. నిజానికి తెలుగువాళ్ళకు అది సొంతిల్లు లాంటిది, మన వాక్యం ఎటూ క్రియతోనే ముగుస్తుంది కదా. అయినా వ్యాకరణం పాఠంలో చెబితే బిక్కమొహాలేసేవాళ్ళు. కోపం వచ్చినప్పుడు మాత్రం క్రియ దానంతటదే వెళ్ళి చివర కూర్చుంది.

ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు గారు 1979లో బెంగళూరులో మొదలుపెట్టిన ప్రాజెక్టు టాస్క్ ద్వారా, అంటే ఏదో ఒక పని చేయిస్తూ, భాష నేర్పడానికే పుట్టింది. ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరి దగ్గర లేకపోవడం ఆయన చెప్పిన టాస్కుల్లో ఒక రకం. నా కార్డులు అవే. పిచ్‌లో ఆ సమాచారపు ఖాళీ ఎక్కడుంది? చెప్పేది స్లైడ్ మీద ముందే రాసి ఉంటుంది, వినేవాడికి తెలుసుకోవలసిన అవసరం ఏముంది?

కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివే పిల్లల్ని గమనించి భాషా పరిశోధకురాలు మెరిల్ స్వేన్ 1985లో చెప్పింది కూడా ఇక్కడికే వస్తుంది. ఏళ్ళ తరబడి విని అర్థం చేసుకున్న పిల్లలకు కూడా మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వ్యాకరణం తడబడుతూనే ఉంది. తను అన్నది ఎదుటివాడికి అర్థం కాలేదని తెలిసి, మళ్ళీ సరిచేసుకుని చెప్పాల్సి వచ్చినప్పుడే భాష పదునెక్కుతుందని ఆవిడ వాదన. నా సైకిలు కుర్రాడు ఇక జీవితంలో 54 తప్పు పలకడు. పందెం కాస్తాను.

'ఇదంతా పై స్థాయి వాళ్ళకే కదా' అంటారు కొందరు. కాదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన భాషా స్థాయిల పట్టిక తీసి చూడండి, మొదటి మెట్టు ఏ1 నుంచి పై మెట్టు సీ2 దాకా ఉంటుంది. ఫిర్యాదు చేయగలగడం బీ1లో ఉంది. తగాదా వస్తే మాట్లాడి పరిష్కరించుకోవడం బీ2లో ఉంది. అందులో ఇచ్చిన ఉదాహరణలు కూడా అన్యాయంగా పడిన ట్రాఫిక్ చలానా, ఇల్లు పాడైతే ఎవరు డబ్బు కట్టాలి లాంటివే. ఏ1 వాళ్ళకు ధర, తేదీ, ఎన్ని కావాలి, ఈ మూడూ చాలు. మరి మన పాఠ్యపుస్తకాలేమో ఇంకా రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఎక్కడ అని అడిగించడం దగ్గరే ఆగిపోయాయి. ఆ ప్రశ్న అడిగినవాడికి ఎప్పుడూ మర్యాదగా సమాధానం వస్తుంది, రైలు ఎప్పుడూ సమయానికే వస్తుంది. ఆ పుస్తకాల్లో ఎవరూ ఎవరితోనూ గొడవపడరు.

సాహిత్యం చదివే పిల్లలు 'మేం కవిత్వం కోసం వచ్చాం, మాకీ బేరాలెందుకు' అని మూతి ముడుస్తారు. వాళ్ళను చూసి కొందరు అధ్యాపకులు కూడా. వాళ్ళ చేత చిన్న పత్రిక పెట్టించండి. రచయితకు పారితోషికం ఎంత, రాతప్రతి ఎప్పటిలోగా ఇవ్వాలి, అనువాద హక్కులు ఎవరివి అని కూర్చుని తేల్చుకోమనండి. యూరోపియన్ కమిషన్ 2016లో తెచ్చిన ఎంట్రీకాంప్ చట్రం కూడా వ్యాపార దృక్పథం అంటే డబ్బు విలువ ఒక్కటే కాదు, సాంస్కృతిక, సామాజిక విలువ సృష్టించడం కూడా అంటుంది. అందులో 15 సామర్థ్యాలున్నాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో కాగితం అడిగితే దాన్ని చూపించండి, నోరు మూతపడుతుంది.

చదవడం సంగతి కూడా మర్చిపోవద్దు. జర్మన్ చెప్పేవాళ్ళయితే కంపెనీ రిజిస్టర్ చేయడానికి ఏమేం కావాలో అధికారిక పేజీల్లోంచి జర్మన్‌లోనే వెతికి తెమ్మనండి. గేఎంబేహా (GmbH) అనే పరిమిత బాధ్యత కంపెనీకి కనీస మూలధనం 25,000 యూరోలు ఉండాలని తెలిసేసరికి వాళ్ళ కలలు కూలిపోతాయి. ఇంకొంచెం చదివితే, 2008 నుంచి అదే రకంలో ఒక్క యూరోతో కూడా మొదలుపెట్టగలిగే చిన్న రూపం ఒకటుందని దొరుకుతుంది. చట్టం భాష కష్టమే. కానీ 'మన కంపెనీ బతుకుతుందా' అన్న ప్రశ్న ఉంటే ఆ కష్టం పడతారు. పేరాగ్రాఫ్ చదివి ఖాళీలు పూరించమంటే పడరు.

ఇక మార్కులు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. పిచ్ పోటీకి మేనేజ్‌మెంట్ విభాగం నుంచి జడ్జీలను పిలుస్తారు. వాళ్ళకు ఆ భాష రాదు. ఐడియా బాగుంటే, స్లైడ్లు మెరుస్తుంటే మొదటి బహుమతి. వ్యాపారం మునిగిపోయినా పదిమందితో మాట్లాడి, తప్పు సరిదిద్దుకుని, ఫిర్యాదుకు జవాబు రాసిన జట్టుకు ఓదార్పు బహుమతి కూడా ఉండదు. పైగా సెమిస్టర్ పరీక్ష మళ్ళీ ఖాళీలు పూరించే పేపరే. నా క్లాసులో ఐడియాకు మార్కులు లేవు. కొనేవాడి ప్రశ్నకు చెప్పిన జవాబుకు ఉన్నాయి, అర్థం కానప్పుడు తిరిగి అడిగినందుకు ఉన్నాయి, తర్వాత రాసిన ఈమెయిల్‌కు ఉన్నాయి. ప్రతివాళ్ళూ అమ్మినన్నిసార్లు కొనాలి కూడా. మీరు మొదలుపెట్టేటట్టయితే ముందు కొనేవాళ్ళ కార్డులు రాసుకోండి, అమ్మేవాళ్ళవి తర్వాత చూసుకోవచ్చు.