గ్రైండర్‌కి స్పాంజి బిగిస్తే పాలిషర్ అయిపోదు

ప్రశ్న: సార్, మాది ఖమ్మం. నల్ల కారు, కొని ఏడేళ్లయింది. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలే. షాపులో పాలిష్ రేటు వినగానే టెన్షన్ పట్టుకుంది. మా బావమరిది దగ్గర నాలుగంగుళాల గ్రైండర్ ఉంది, దానికే స్పాంజి ప్యాడ్ బిగిద్దాం అంటున్నాడు. చేయొచ్చా, లేక మెషీన్ కొనాలా?

జవాబు: మీ బావమరిదికి నా నమస్కారం చెప్పి ఆ గ్రైండర్ ఆయనకే ఇచ్చేయండి. ఇనుము కోసే ఆ యంత్రం నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, పాలిష్ కోసం చేసిన రోటరీ మెషీన్లు సాధారణంగా 3,500 దాటవు. రంగు మీదుండే క్లియర్ కోట్ చాలా కార్లకు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదండీ, గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌నే అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు.

నేనూ ఒకసారి అరువు తెచ్చిన రోటరీతో పోజు కొట్టి, బానెట్ అంచు మడత దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆపాను, రూపాయి బిళ్లంత మేర బూడిద రంగు ప్రైమర్ తేలింది. బానెట్ మొత్తానికి పెయింట్ వేయించాను. ఆ డబ్బుతో మంచి పాలిషరే వచ్చేది.

మీరు కొనాల్సింది డ్యూయల్ యాక్షన్, షాపుల్లో డీఏ అంటారు. ఇది తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి వేడి ఒక్కచోట పోగవ్వదు. మొదటిసారి కాబట్టి 8 లేదా 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ పక్కలకు ఊగే మేర), ప్యాడ్ అంటించే 5 అంగుళాల ప్లేటు, స్పీడు మార్చుకునే డయల్ ఉంటే చాలు. పెద్ద గుండ్రటి దూది కవర్ తొడిగి అమ్మే చవక బఫర్లు వ్యాక్స్ రుద్దడానికే పనికొస్తాయి, వాటితో గీతలు పోవు. ఫోమ్ ప్యాడ్లు కనీసం మూడు నాలుగు తీసుకోండి, ఒక్కటే అయితే కారు సగం కాకుండానే కాంపౌండ్‌తో, అంటే గీతలు అరగదీసే పేస్టుతో, నిండిపోతుంది.

పని నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే. ముందు కారు కడిగి, క్లే బార్‌తో (మురికి లాగే మెత్తటి బంకముద్ద) మొండి మురికి తీసేయండి, ఇసుక రేణువు ఒక్కటున్నా మెషీన్ దాన్నే రుద్దుతుంది. రబ్బర్లకూ, నల్ల ప్లాస్టిక్‌కీ, పదునైన అంచులకీ మాస్కింగ్ టేపు వేయండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత కాంపౌండ్ నాలుగు చుక్కలు పెట్టి, ప్యాడ్ రేకుకి ఆనించాకే స్విచ్ వేయండి, ఆపాకే లేపండి. లేదంటే గోడల మీదే కాదు, మీ మొహం మీద కూడా కాంపౌండే. రెండడుగుల చదరం చొప్పున, నెమ్మదిగా, సగం సగం కలిసేలా అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి. ప్లేటు పక్కన నల్ల మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, పని చేస్తుంటే అది తిరగడం కనబడాలి. ఆగిపోయిందంటే మీరు గట్టిగా నొక్కుతున్నారనో, వంకరగా పట్టారనో అర్థం.

వైరు భుజం మీదుగా వేసుకోండి. కారు కడిగిన తడి నేల మీద అతుకుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. మెడలో తువ్వాలు కూడా వద్దు. ముందు ఒక మూల చేసి చూడండి. మెత్తటి ప్యాడ్, తక్కువ కోత ఉన్న పాలిష్‌తో గీతలు పోతే గరుకు కాంపౌండ్ జోలికే పోకండి. గోరు తగిలి ఆగేంత లోతు గీతని మాత్రం వదిలేయండి.

ప్రశ్న: మా పాత ఎర్ర కారుని పాలిష్ చేస్తుంటే ప్యాడ్‌కి ఎరుపు అంటుతోంది. మామూలేనా? – విజయనగరం పాఠకురాలు

జవాబు: మెషీన్ ఆపండమ్మా. క్లియర్ కోట్ లేని పాత సింగిల్ స్టేజ్ పెయింట్ అయితే రంగు రావడం మామూలే, క్లియర్ కోట్ ఉన్నదైతే అది అరిగిపోయినట్టే. తెల్లగుడ్డకి కాస్త పాలిష్ అద్ది, ఇంకా మెషీన్ పెట్టని మూలలో చేత్తో రుద్ది చూడండి. అక్కడా ఎరుపు వస్తే సింగిల్ స్టేజే, నెమ్మదిగా కొనసాగించొచ్చు. అక్కడ గుడ్డ తెల్లగానే ఉంటే ఆ ప్యానెల్‌ని ఇక ముట్టుకోకుండా పెయింటర్‌కి చూపించండి.