మా ఇంట్లో మారియో పాట నెమ్మదిగా మోగేది

“చిన్నప్పుడు ఆడిన వీడియో గేముల సంగీతాన్ని పెద్దయ్యాక కూడా వినేవాళ్లు నిజంగా ఉంటారా? ఉంటే, అది బాల్యం మీది మమకారం తప్ప ఇంకేమైనా ఉందా?” అన్నది మీ ప్రశ్న.

ఉంటారు. నేను రోజూ వింటాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే ఉద్యోగం నాది. ధాన్యం లారీల తూకం చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నంతసేపూ నా చెవిలో ఆ పాటలే మోగుతుంటాయి. మమకారమన్న రెండవ మాటతో మాత్రం నాకు చాలాకాలంగా పేచీ ఉంది. 1982లో అమెరికాలో వచ్చిన కమడోర్ 64 అనే కంప్యూటర్‌ను నేను కళ్లతో చూసింది లేదు, మా బంధువుల్లో ఎవరింట్లోనూ అది లేదు. అయినా అందులో శబ్దం పుట్టించే సిడ్ అనే చిప్ కోసం రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే అనే సంగీతకర్తలు కట్టిన వరుసలను మా ఊళ్లో పెళ్లి బరాత్ పాటలకంటే ఎక్కువసార్లు విన్నాను. ఆ చిప్‌కు ఉన్నవి మూడే గొంతులు, అంటే ఒకేసారి మూడు శబ్దాలే చేయగలదు. మూడు స్వరాలు ఒక్కసారే పలకవలసిన చోట ఆ మూడింటినీ ఒకే గొంతుకు అప్పగించి, సెకనుకు యాభై మార్పుల లెక్కన తిప్పుతూ పలికించేవారు. చెవి వాటిని ఒక్కటిగా కలిపేసుకుంటుంది. ఆ గలగలను మొదటిసారి విన్నప్పుడు నాకు ముప్పై ఏళ్లు దాటాయి. మరి అందులో ఏ బాల్యం ఉన్నట్టు?

ఇక మనకు తెలిసిన, టీవీకి తగిలించి ఆడే గేముల పెట్టె సంగతికి వస్తాను. 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కూ, దాన్ని చూసి తయారై మన పట్టణాల్లో అమ్ముడైన నకలు పెట్టెలకూ ఉన్నవి అయిదు గొంతులు. రెండు చదరపు తరంగాలు రాగాన్ని మోస్తాయి, ఒక త్రిభుజ తరంగం మంద్రంలో నడుస్తుంది, నాలుగవది బుస్సుమనే రొదతో తాళం వేస్తుంది, అయిదవది ముందే నిలవచేసిన చిన్న చిన్న చప్పుళ్లను వినిపిస్తుంది. త్రిభుజానికి శబ్దాన్ని పెంచే, తగ్గించే వీలే లేదు. మోగితే ఒకే స్థాయిలో మోగాలి, లేకపోతే ఊరుకోవాలి. పైగా ఆటలో పుట్టే ప్రతి చప్పుడూ ఈ గొంతుల్లోంచే రావాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో ఎగిరిన క్షణాన ఒక చదరపు గొంతు పాటను వదిలేసి ఎగిరే చప్పుడు చేస్తుంది. నాణెం దొరికినప్పుడు రెండవది పాట ఆపి టింగుమంటుంది. పెళ్లి మేళంలో సన్నాయి వాయిస్తున్న మనిషిని మధ్యలో లేపి మంచినీళ్ల బిందె తెమ్మని పంపినట్టుంటుంది ఆ ఏర్పాటు. అయినా పాట తెగినట్టు ఎవరికీ అనిపించదు. ఒకరు లేచిపోయినా మిగిలినవారితో నడక ఆగకుండా కోజి కోండో ఆ వరుసను కట్టారు. బొమ్మలు, ఆట, పాటలు అన్నీ కలిపి ఆ క్యాసెట్‌లో ఉన్నది 40 కిలోబైట్లే. ఇన్ని కట్టుబాట్ల మధ్య పుట్టిన వరుసలో వ్యర్థమైన స్వరం ఒక్కటీ ఉండదు, అందుకే అది నిలిచింది. మమకారంతో పనిలేదని నేను అనడానికి కారణం ఇది.

దీనికి మా ఇంట్లోనే రుజువు దొరికింది. పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లవాడు, నా పిచ్చి కొంత వాడికీ అంటింది. హాల్లో కూర్చొని ల్యాప్‌టాప్‌లో మారియో మొదటి అంచె తెరిచి, దానికి ఒక స్పీకర్ తగిలించాడు. వంటింట్లో మా అమ్మ సద్దుల కోసం వేయించిన నువ్వులను రోట్లో దంచుతోంది. పాట మొదలైన కాసేపటికి రోకటి చప్పుడు ఆగింది.

“గిదేందిరా, గింత ఉరుకుతుంది? మన డబ్బాల గిట్ల మోగకపోయేది,” అంది లోపలి నుంచి.

వాడు నవ్వి, “అమ్మమ్మా, ఇదే ఒరిజినల్,” అన్నాడు.

“ఒరిజినలో గిరిజినలో నాకేం ఎర్క? నాలుగేండ్లు నా చెవుల మోగింది మాత్రం గిది కాదు.”

మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ఆ ఆట ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే కాదు, మా పరీక్షల రోజుల్లో అడాప్టర్‌ను కందిపప్పు డబ్బాలో పాతిపెట్టిన మనిషి. ఆ పెట్టె మీద ఆమెకు మమకారం ఉందని ఎవరైనా అంటే ఆమె ముందే గొడవకు దిగుతుంది. అటువంటి మనిషికి ఇన్నేళ్ల తరువాత, గోడ అవతలి నుంచి, పాట వేగంలో తేడా తెలిసింది.

నేను ఊరుకోలేక మేడ మీది గదికి వెళ్లి పాత పెట్టెనూ, పిక్చర్ ట్యూబ్ టీవీనీ దించాను. టీవీ బరువుకు మెట్ల మీద మేనల్లుడి ముఖం చూడాలి. తొంభైల చివర మా మేనమామ కోఠి నుంచి తెచ్చిన పెట్టె అది. దాని మీద కంపెనీ పేరు కూడా లేదు. పసుపుపచ్చ క్యాసెట్ విప్పితే పలక మీద కాళ్లున్న ఐసీలేవీ ఉండవు, నల్లటి లక్కముద్ద వంటిది ఒకటి అంటించి ఉంటుంది, ఆట అంతా దాని కిందే ఉంటుంది. ఇత్తడి రంగు తిరిగిన పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, దూది మీద స్పిరిట్ వేసి తుడిచి, క్యాసెట్‌ను పెట్టెలో దింపాను. అడాప్టర్ వైరు మెడ దగ్గర విరిగి ఉంటే దానికి అగ్గిపుల్ల కట్టి నిలబెట్టాను. టీవీ తెర మీద చీమలు కదిలాయి, బొమ్మ రెండుసార్లు పైకి జారింది, తరువాత పాట వచ్చింది.

అమ్మ చేతికి నువ్వుల పొడితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. మారియో మొదటి గొట్టం దాటేవరకు విని, “గిదీ పాట. ఇగ బందు చెయ్యి, బతుకమ్మ పేర్వాలె,” అని వెళ్లిపోయింది. మేనల్లుడు ఫోనులో గడియారం పెట్టి రెండింటినీ కొలిచాడు. మా పెట్టెలో వేగం ఆరవ వంతు తగ్గింది, లెక్క ప్రకారం ఎంత తగ్గాలో అంతే.

ఆ లెక్క తేలికైనదే. ఆ ఆటల్లో పాట ముందుకు నడిచేది టీవీ బొమ్మ మారే తాళం మీద. జపాన్, అమెరికా టీవీల్లో బొమ్మ సెకనుకు సుమారు అరవై సార్లు మారుతుంది. మన దేశం టీవీ ప్రసారానికి పాల్ అనే పద్ధతి తీసుకున్నందువల్ల ఇక్కడ యాభై సార్లే. అరవైకి రాసిన ఆటను మార్చకుండా యాభై మీద నడిపితే నిమిషం పాట 72 సెకన్లు పడుతుంది. ఇక్కడొక చిత్రం ఉంది. ఐరోపాకు నింటెండో పంపిన అసలు యంత్రంలో శ్రుతిని నిర్ణయించే ప్రాసెసర్ గడియారాన్ని 1.79 మెగాహెర్ట్జ్ నుంచి 1.66కు తగ్గించారు, కాబట్టి అక్కడ జపాన్ క్యాసెట్‌ను ఉన్నదున్నట్టు ఆడిస్తే వేగంతోపాటు శ్రుతి కూడా ఒక స్వరస్థానానికి పైగా దిగిపోతుంది. యాభై మీద నడిచే తైవాన్ నకలు చిప్పుల్లో ఆ గడియారం 1.77 దగ్గరే ఉంటుంది. మా పెట్టె ఆ జాతిదే. అందువల్ల మాకు శ్రుతి చెడలేదు, నడక మాత్రమే నిదానించింది. నకలు చేసినవాడే ఈ విషయంలో అసలువాడికంటే సంగీతానికి ఎక్కువ మర్యాద చేశాడని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి కూడా ఉంది. చదరపు తరంగంలో పైకి లేచి ఉండే భాగం ఎంత అన్నదాన్ని బట్టి గొంతు సన్నగానో బొద్దుగానో వినిపిస్తుంది. ఫ్యామికామ్ చిప్‌లో పన్నెండున్నర, ఇరవై అయిదు, యాభై, డెబ్బై అయిదు శాతాలు ఎంచుకోవచ్చు. కొన్ని నకలు చిప్పుల్లో ఇరవై అయిదు, యాభై తారుమారయ్యాయి. అంటే అసలు యంత్రంలో ముక్కుతో పాడినట్టుండే చోట మాకు గుండ్రటి గొంతు వినిపించేది, గుండ్రటి చోట ముక్కు గొంతు వినిపించేది. ఇది ప్రపంచానికి లోపంగా కనిపించవచ్చు గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి పిల్లల్లో ఇటువంటి పెట్టెల ముందు పెరిగినవారికి పాట అంటే అదే. నన్నడిగితే నెమ్మదిదే సరైనది. మారియో నేలమాళిగలోకి దిగినప్పుడు వచ్చే ఆ తుంపులు తుంపుల వరుసను రెండు వేగాల్లోనూ విని చూడండి. నెమ్మదిగా మోగినప్పుడు మధ్యలోని నిశ్శబ్దంలో ఏదో వస్తుందన్న భయం ఉంటుంది, వేగంగా మోగినప్పుడు ఆ భయానికి తీరిక ఉండదు. 1988 నాటి కాంట్రా అనే ఆటలో మొదటి అంచె పాట కూడా యాభై మీదే బరువుగా నడుస్తుంది, అరవై మీద బస్సు తప్పిపోతుందని పరుగెత్తుతున్నట్టుంటుంది.

సందర్భం వచ్చింది గనుక రెండు కోపాలు చెప్పుకొంటాను. తొంభైల పిల్లలమంటూ క్యాసెట్‌ను నోటితో ఊదుతున్న బొమ్మలు పంచుకునేవారు దయచేసి ఆపాలి. ఊదడం వల్ల ఆట నడిచేది కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పళ్లు సరిగా కూర్చొని నడిచేది. ఊదితే తడి చేరి ఆ పళ్లు పాడయ్యాయి, అంతే. ఈ బొమ్మల వల్లే మా సంగీతం అంటే జనానికి మమకారం తప్ప మరేమీ గుర్తుకు రాకుండా పోయింది. రెండవది, పిక్చర్ ట్యూబ్ టీవీలను పాత ఇనుప సామాను బండికి తూకానికి వేసేయడం. బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ కొత్త టీవీల మీద ఎందుకు పనిచేయదని నన్ను తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. మీట నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి డబ్బా మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును ఆ క్షణంలోనే పట్టుకోవాలి. కొత్త టీవీ బొమ్మను ఆలస్యంగా చూపిస్తుంది, ఈలోగా తుపాకీ గురి తప్పిందని తేల్చేస్తుంది. తుపాకీలో లోపం ఏమీ లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇటువంటి తుపాకీ ఒకటి నా కళ్లపడింది. అమ్మేవాడికి అది ఏమిటో తెలియక బొమ్మ తుపాకుల కుప్పలో వేశాడు, నేను కూడా ఏమీ తెలియనట్టే బేరం చేశాను.

వినడంతో ఆగకుండా కొంతకాలంగా ఫ్యామీట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేనే వరుసలు కడుతున్నాను. ఇందులో స్వరాలను నోటు పుస్తకంలో పద్దులు రాసినట్టు పై నుంచి కిందికి వరుసల్లో నింపాలి, లెక్కల గుమాస్తాకు ఇంతకంటే అనువైన వాద్యం దొరకదు. ప్రస్తుతం ఒక బతుకమ్మ వరుసను దానిలోకి దించుతున్నాను. ముందు పాడే ఆమెకు ఒక చదరపు గొంతు ఇచ్చాను, ‘ఉయ్యాలో’ అని అందుకునేవారికి రెండవది ఇచ్చాను. చప్పట్లే చాలా తిప్పలు పెట్టాయి. రొద గొంతును ఒక్కసారి కొట్టి వదిలేస్తే కర్ర విరిగినట్టు వినిపించింది. రెండు దెబ్బలను ఆ పద్దుల్లో ఒక గీత ఎడంతో కొట్టి, రెండవదాన్ని కొంచెం తగ్గించిన తరువాత గుంపులో కొందరి చేతులు ఆలస్యంగా కలిసినట్టు వచ్చింది. త్రిభుజానికి ఏ పని ఇవ్వాలో ఇంకా తేలలేదు, బతుకమ్మ పాటలో మంద్రం పాడేవారెవరూ ఉండరు కదా.

మీకు ఆసక్తి ఉంటే ముందుగా హెడ్‌ఫోన్లలో ఒక్కొక్క గొంతునూ విడిగా వినండి. ఈ పెట్టె పాటలను నిలవచేసే ఎన్ఎస్ఎఫ్ రకం ఫైళ్లను ఆడించే ప్లేయర్లలో చాలావాటిలో మిగిలిన గొంతులను మూసే వీలుంటుంది. 1986 నాటి మెట్రాయిడ్ అనే ఆటకు హిరోకాజు తనకా కట్టిన సంగీతం దీనికి మంచి పాఠం. వాద్యబృందాలు ముస్తాబు చేసి వాయించిన కచేరీ రూపాలను తరువాత వినవచ్చు, వినకపోయినా నష్టం లేదు. మన ఊళ్లలో మోగినట్టే వినాలంటే ఆ పెట్టెను కంప్యూటర్‌లో అనుకరించే మెసెన్ ఎమ్యులేటర్‌లో ప్రాంతాన్ని డెండీ (రష్యాలో అమ్ముడైన ఇటువంటి నకలు పెట్టె పేరు) అని పెట్టి, శబ్దం అమరికల్లో చదరపు గొంతుల శాతాలను తారుమారు చేసే గడిలో టిక్కు పెట్టండి. ఆ రెండూ మార్చాక మీ అమ్మగారిని వంటింట్లోంచి వినమనండి, ఆవిడ ఏమన్నారో ఇక్కడ వ్యాఖ్యలో రాయండి.