రెండు ఈఎంఐలు తప్పాయి, మూడోది వచ్చే వారం

ప్రశ్న: మావారి ఉద్యోగం పోయి అయిదు నెలలు ఖాళీగా ఉన్నారు. ఈ మధ్యే కొత్త ఉద్యోగంలో చేరారు, జీతం 58 వేలు. ఇంటి లోను ఈఎంఐ 32 వేలు. ఇంకా 32.5 లక్షలు, 15 ఏళ్లు ఉంది. లోనులో నా పేరూ ఉంది. రెండు ఈఎంఐలు కట్టలేదు, మూడోది వచ్చే వారం. బ్యాంకు ఫోన్లు ఎత్తడం మానేశాం. మాతో ఉంటున్న అత్తమామలకు గానీ, ఇంటర్ చదివే అమ్మాయికి గానీ చెప్పలేదు. పర్సనల్ లోను తీసి కట్టేద్దామని ఆయన, నా నగలు తాకట్టు పెడదామని నేను. ఏది మేలు?

జవాబు: అమ్మా, ఆ రెండింటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. రేపే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. నేను తొందరపెట్టడానికి కారణం 90 రోజుల లెక్క. మొదటి ఈఎంఐ తప్పిన తేదీ నుంచి బకాయి 90 రోజులు దాటితే లోను ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. మీకు ఇప్పటికే 50 రోజులు దాటాయి. చేతిలో ఉన్నది ఓ అయిదు వారాలు.

ఈ అయిదు వారాల విలువ చాలామందికి తెలియదు. గడువు లోపల ఒక్క ఈఎంఐ కట్టినా అది సాధారణంగా పాత బకాయికే జమవుతుంది. అప్పుడు లెక్క రెండో ఈఎంఐ తేదీ నుంచి మొదలవుతుంది, మీకు ఒక నెల ఊపిరి దొరుకుతుంది. ఎన్‌పీఏ అయ్యాక ఆ వెసులుబాటు ఉండదు. బకాయి మొత్తం, వడ్డీతో సహా, తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలవుతుంది. అందుకే ఇంట్లో ఎంత ఉంటే అంత పోగేసి, ఒక ఈఎంఐ అయినా ఈ నెలలోనే కట్టండి.

బ్యాంకులో కిందిస్థాయి ఉద్యోగితో మాట్లాడి వచ్చేయకండి. మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పాత ఉద్యోగం పోయిన కాగితం, కొత్త నియామక పత్రం, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంటు జతచేయండి. లోను గడువు 20 ఏళ్లకు పెంచమని అడగండి. వడ్డీ 8.5 శాతం అనుకుంటే ఈఎంఐ 28,200 దగ్గరకు దిగుతుంది. మొత్తమ్మీద దాదాపు 10 లక్షలు అదనంగా కడతారు, అది చిన్న మొత్తం కాదు. రీస్ట్రక్చర్ చేసినట్టు, అంటే లోను షరతులు మార్చినట్టు, మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో నమోదయ్యే అవకాశమూ ఉంది. అయినా మీ పరిస్థితిలో నేను ఒప్పుకోమనే చెబుతాను. జీతం పెరిగాక ముందుగా కట్టేయవచ్చు. ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు జరిమానా ఉండదు. ఆలస్యానికి వేసిన జరిమానా తగ్గించమనీ అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ జరిమానాను అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

ఇక మీ ప్రశ్న. పర్సనల్ లోను వద్దు. 32 వేలకే చాలని జీతానికి, అంతకంటే ఎక్కువ వడ్డీతో ఇంకో ఈఎంఐ తోడవుతుంది. నగల విషయంలో నా అభ్యంతరం క్రమం గురించే. ఈఎంఐ తగ్గించుకోకముందు తాకట్టు పెడితే మూడు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు, అప్పటికి నగలూ ఉండవు. కొత్త ఈఎంఐ ఖాయమయ్యాక, పాత బకాయి తీర్చడానికి ఒక్కసారే వాడండి.

ఇంట్లో వాళ్లకు చెప్పే విషయం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, కుటుంబ సభ్యులను వేధించకూడదు. అలా జరిగితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. కానీ నిబంధన ఉన్నంత మాత్రాన మీ మామగారి చెవిన ఈ మాట ఎవరో పరాయివాళ్ల నోట పడదన్న హామీ లేదు. మీరే చెప్పండి, మీ ఆయనే ముందు మాట్లాడితే మంచిది. ఉద్యోగం పోవడం ఆయన తప్పు కాదు, అది ఆయనకు మీరు గుర్తుచేయాలి. అమ్మాయికి ఫోన్ మోగినప్పుడల్లా మీ ముఖాలు మారడం కనబడుతూనే ఉంటుంది. ఎంత బాకీ, ఏం చేస్తున్నాం, నీ చదువు ఆగదు, ఈ మూడూ చెబితే చాలు. ఖర్చుల కాగితం అందరి ముందూ వేయండి. పెద్దవాళ్ల దగ్గర డబ్బు అడగడానికి కాదు, దాచుకుంటూ బతకడం ఆపడానికి.

ఆరు నెలలు చూశాక 28 వేలు కూడా భారమైతే ఇల్లు మీరే అమ్మండి. ఎన్‌పీఏ అయితే, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం బ్యాంకుకు ఇచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అది 60 రోజుల నోటీసు ఇస్తుంది. దానికి మీరు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బదులివ్వాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు పోతుంది. వేలంలో పలికే ధర మీ చేతిలో ఉండదు. అదే మీరు అమ్మితే కొనేవాళ్లు బాకీ నేరుగా బ్యాంకుకు కట్టి పత్రాలు విడిపించుకుంటారు, మిగిలింది మీకు వస్తుంది. బ్యాంకు అనుమతి కోసం ఆ మాటా అర్జీలో ముందే రాసి ఉంచండి.