సున్నాల దగ్గర జాగ్రత్త

చిరంజీవి కావ్యకు బాబాయి దీవెనలు.

కస్టమర్ల ఆర్డర్లను డెసైల్స్‌గా, అంటే తక్కువ నుంచి ఎక్కువకు పది సమాన గుంపులుగా, విడదీసి రిపోర్టు రాయబోతున్నావని అన్నయ్య చెప్పాడు. గర్వంగా ఉందమ్మా, కాస్త బెంగగానూ ఉంది.

ముందు విలువలను ఆరోహణ క్రమంలో పేర్చు. అంకెలు టెక్స్ట్‌గా పడి ఉంటే 100 వచ్చి 20 కంటే ముందు కూర్చుంటుంది, చూసుకో. పది గుంపులకు హద్దులు తొమ్మిదే, డి1 నుంచి డి9 దాకా. డి5 మధ్యగతమే, అంటే సరిగ్గా నడిమి విలువ.

విలువల సంఖ్యకు 1 కలిపి, ఎన్నో డెసైలో దానితో గుణించి, 10తో భాగిస్తే స్థానం వస్తుంది. 25 విలువలకు డి3 స్థానం 7.8. ఏడోది 42, ఎనిమిదోది 47 అనుకో. తేడా 5లో 0.8 వంతు, అంటే 4, కలిపితే 46. ఎక్సెల్‌లో పర్సెంటైల్.ఇంక్ అనే ఫార్ములా ఇదే డి3కి 8.2వ స్థానం చూస్తుంది. తొమ్మిదోది 52 అయితే 48 ఇస్తుంది. రెండూ చెల్లుతాయి. ఏది వాడావో రిపోర్టులో రాయి.

ఇక నా బెంగంతా సున్నాల గురించే. 200 మందిలో 70 మంది ఒక్క ఆర్డరూ పెట్టలేదనుకో. డి1, డి2, డి3 మూడూ సున్నాయే. పైథాన్‌లో డేటా లెక్కలకు వాడే పాండాస్‌లో, గుంపులు చేసే క్యూకట్ అనే ఫంక్షన్ హద్దులు వేరువేరుగా లేవని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది ర్యాంక్‌లో మెథడ్‌ను ఫస్ట్ అని పెట్టి, అంటే సమాన విలువలకూ ఫైల్లో వరసను బట్టి వేరువేరు ర్యాంకులిచ్చి, దాని నోరు మూయిస్తారు. చక్కగా ఇరవై మంది చొప్పున పది గుంపులు వస్తాయి, చూడముచ్చటగా ఉంటాయి. కానీ నాలుగో గుంపు లోపలికి తొంగి చూడు: పది మంది సున్నాలు, పది మంది ఆర్డర్లు పెట్టినవాళ్లు. ఒకే సున్నా ఉన్నవాళ్లలో ఒకరు ఒకటో గుంపులో, ఇంకొకరు నాలుగో గుంపులో పడటానికి కారణం ఫైల్లో వాళ్ల వరస. ఫైలు తిరగేసి పేరిస్తే గుంపు మారిపోతుంది. ఆ గుంపును బట్టి ఎవరికైనా ఆఫర్ ఇచ్చారో, మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టే. క్యూకట్‌లో డ్రాప్ పెట్టి ఒకేలా ఉన్న హద్దులు తీసేసినా తక్కువ గుంపులే మిగులుతాయి. వాటిని డెసైల్స్ అనకు.

సున్నాలను విడిగా ఒక గుంపు చెయ్యి. మిగిలిన 130 మందినే పదిగా విడదియ్యి, 13 చొప్పున వస్తారు. అక్కడా ఒక ఆర్డరు వాళ్లే ఎక్కువమంది ఉంటే పది కోసం మొండిపట్టు పట్టకు, ఐదు గుంపులు చాలు.

ఒకటో డెసైల్ అంటే అడుగున ఉన్నవాళ్లా, పైనున్నవాళ్లా? కొన్నిచోట్ల తలకిందులుగా లెక్కిస్తారు, ముందే అడుగు.

చివర్న ప్రతి గుంపుకూ సంఖ్య, కనిష్ఠం, గరిష్ఠం పట్టిక వెయ్యి. ఒక గుంపు గరిష్ఠం, తర్వాతి గుంపు కనిష్ఠం ఒకటే అయితే అక్కడే ఆగి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే తల్లీ.

మీ బాబాయి